‘మీ ఫిర్యాదు పరిష్కారమైనది’ అన్న మీ సందేశం విషయమై

విశాఖపట్నం

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

అయ్యా,

మీ సంస్థ వద్ద మా కళాశాల కొన్న స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణపు రంగును బట్టి అందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే పరికరం) గురించిన ఫిర్యాదు పరిష్కారమైందనీ, మీ సేవకు అయిదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తామో తెలుపమనీ మొన్న రాత్రి నా ఫోనుకు సందేశం వచ్చింది. ఏది పరిష్కారమైందో, ఎవరు వచ్చి చేశారో మాకు కూడా తెలియజేస్తే సంతోషిస్తాము. పరికరం మాత్రం తొమ్మిది వారాలుగా గుడ్డ కప్పుకొని మూల కూర్చుంది.

లోపమేమిటో క్లుప్తంగా చెబుతాను. ఫాస్ఫేటు లేని డిస్టిల్డ్ వాటర్ పెట్టినా లీటరుకు 40 మైక్రోగ్రాములు ఉన్నట్లు చూపుతోంది, గంట గడిస్తే ఆ అంకె కూడా మారుతోంది. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాల నుంచి మా విద్యార్థులు తెచ్చే నమూనాలలో మేము వెతికేదే అంతటి సూక్ష్మ పరిమాణం. యంత్రమన్నాక చెడుతుంది, అందుకు మాకు కోపం లేదు.

మొదటిసారి ఫోను చేసినప్పుడు మీ ప్రతినిధి “మీ వాటర్ ప్యూరిఫైయర్ మోడల్ ఏదండీ?” అని అడిగారు. ఇది నీటిని పరీక్షించే పరికరమని మూడుసార్లు చెప్పిన మీదట, నాలుగో రోజున ఒక కుర్రవాడు ఆర్‌ఓ ఫిల్టరు, టీడీఎస్ పెన్ను పట్టుకొని మా ప్రయోగశాలకు వచ్చాడు. జలాశయపు నమూనా ఉన్న బీకరులో ఆ పెన్ను ముంచి, “టీడీఎస్ 180 ఉంది మేడమ్, నీళ్లు బ్రహ్మాండం” అని చెప్పి నా చేత సంతకం పెట్టించుకొని వెళ్లాడు. కరిగిన లవణాలన్నింటినీ కలిపి మిల్లీగ్రాములలో అంచనా వేసే ఆ పెన్నుకు మైక్రోగ్రాముల ఫాస్ఫేటు ఆనదు. అతడికి అది తెలియకపోవడం తప్పు కాదు, అతడిని మా దగ్గరకు పంపినవారిదే తప్పు.

రెండోసారి మాట్లాడిన ఆమె ఎంతో మర్యాదగా, నమూనా సిద్ధం చేసి ఫోనులో ఉండగానే రీడింగు చెప్పమన్నారు. మాలిబ్డేటు, ఆస్కార్బిక్ ఆమ్లం కలిసిన ద్రావణం పోశాక ఫాస్ఫేటు వల్ల వచ్చే నీలి రంగును పది నిమిషాల తరువాత, ముప్పయి నిమిషాల లోపల 880 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం దగ్గర చదవాలి. “ఒక్క నిమిషం లైనులో ఉండండి” అన్న ఆమె నలభై అయిదు నిమిషాలు వీణ వినిపించి లైను కట్ చేశారు. నమూనా సింకు పాలైంది.

ఇక మీ సీనియర్ ఇంజనీరు గారి సలహా శిరోధార్యం: గాజుసామాను సబ్బుపొడితో శుభ్రంగా కడగమన్నారు! ఈ పరీక్షలో ఫాస్ఫేటు ఉన్న సబ్బుపొడి గాజును తాకకూడదనీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి డిస్టిల్డ్ వాటర్‌తో తొలచాలనీ మా మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు. మర్ఫీ, రైలీ అనే శాస్త్రవేత్తలు ఈ నీలి రంగు పద్ధతిని 1962లో ప్రకటించారు. ఆ కబురు మీ సేవా విభాగానికి ఇంకా చేరినట్లు లేదు.

పదకొండేళ్లుగా క్యువెట్ల (పరికరంలో నమూనా పోసి పెట్టే చిన్న పాత్రల) నుంచి మాలిబ్డేటు సీసా వరకు అన్నీ మీ దగ్గరే కొన్నాము. ఇంకొకరు తక్కువ ధరకు కొటేషన్ ఇచ్చిన ఏడాది కూడా, పాత పరిచయమని ప్రిన్సిపాల్ గారికి నచ్చజెప్పి మీకే ఆర్డరు ఇప్పించినది నేనే. ఇప్పుడు ఆయన ముందు తలెత్తుకోలేకపోతున్నాను. ఫాస్ఫేటు అంటే ఏమిటో తెలిసిన మనిషిని ఒక్కరినైనా పంపుతారో, పరికరమే మారుస్తారో, మరేం చేస్తారో మీరే తేల్చుకోండి. పదిహేను రోజులలో కదలిక లేకపోతే కొనుగోళ్ల కమిటీలో మీ పేరు కొట్టివేయించడమే కాక, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాము. అనకాపల్లి నుంచి శ్రీకాకుళం దాకా నాకు తెలిసిన ప్రతి రసాయనశాస్త్ర విభాగానికీ ఈ లేఖ ప్రతిని పంపుతాను.

దీన్ని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అందినట్లు మీరిచ్చే రసీదులోనైనా ‘వాటర్ ప్యూరిఫైయర్’ అని రాయవద్దని మనవి.

ఇట్లు,
ప్రయోగశాల బాధ్యురాలు,
రసాయనశాస్త్ర విభాగం