లాక్‌డౌన్ కేసులు ఇంకెప్పుడు ఎత్తేస్తారు? ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

లాక్‌డౌన్‌లో అప్పటి ఐపీసీ సెక్షన్ 188 కింద, అంటే అధికారుల ఉత్తర్వు పాటించలేదని, పెట్టిన కేసుల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎన్ని అర్జీలిచ్చినా కదలిక లేదు కాబట్టే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

2020 ఏప్రిల్‌లో మా తమ్ముడు నాన్నకు ఇన్సులిన్ తేవడానికి బండి మీద వెళ్లాడు. మందుల షాపులకు మినహాయింపు ఉందని కేంద్రం ఉత్తర్వులోనే ఉంది, జేబులో డాక్టర్ చీటీ ఉంది, చూపించాడు కూడా. అయినా బండి తాళం లాక్కుని, స్టేషన్‌కు తీసుకెళ్లి కేసు రాసి, సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఇన్సులిన్ కవర్‌లో పెట్టిన ఐసంతా కరిగి నీళ్లయిపోయింది. బండి చాలా రోజులకు గానీ ఇవ్వలేదు. పోలీసులకూ ప్రాణభయమే, రాత్రింబవళ్లు రోడ్డు మీదే ఉన్నారు కదా అని మేము ఊరుకున్నాం. లాక్‌డౌన్ పెట్టడమే తప్పని ఇప్పటికీ అనడం లేదు.

కానీ ఆ కేసు మాత్రం మమ్మల్ని వదల్లేదండీ. దుబాయ్‌లో ఉద్యోగం వచ్చిందని వాడు పాస్‌పోర్టుకు పెట్టుకుంటే వెరిఫికేషన్‌లో కేసు ఉందని ఆపేశారు. పోనీ కోర్టుకెళ్లి జరిమానా కట్టేద్దామంటే చార్జిషీటే వేయలేదు, కోర్టులో కేసు నంబరే లేదు, ఇక ఎవరి ముందు నిలబడి తప్పు లేదని చెప్పుకోవాలి? స్టేషన్‌లో అడిగితే పైనుంచి ఆర్డర్ రావాలంటారు, పైన అడిగితే స్టేషన్ రిపోర్టు రావాలంటారు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే కొన్నాళ్లకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైందని. ఏం పరిష్కారమైంది మంత్రి గారూ? అడుగుదామని వెళ్తే ఆ ఫైలు చూసే ఆయన బదిలీ అయ్యారన్నారు. వాడు రోజూ టెన్షన్‌తో నిద్రపోవడం లేదు, తన మందుల కోసం వెళ్లే కదా ఇదంతా అని నాన్న కుమిలిపోతున్నారు.

188కి పడే పెద్ద శిక్షే ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. ఇలాంటి నేరాన్ని, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తప్ప, ఏడాది దాటాక కోర్టు విచారణకు తీసుకోకూడదని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 468వ సెక్షన్ చెప్పింది. సంబంధిత అధికారి రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేయాలని అదే కోడ్‌లో 195వ సెక్షన్ చెప్పింది. పాస్‌పోర్టు చట్టంలోని అడ్డంకి కూడా కోర్టులో నడుస్తున్న కేసులకే. మరి మా వాడి పాస్‌పోర్టు దేనికి ఆగినట్టు? దోషి అని తేలినా ఆరు నెలల్లో బయటపడేవాడు ఏళ్ల తరబడి నిందితుడిగా మిగిలాడు. స్వేచ్ఛకు పెట్టే హద్దు అవసరానికి మించకూడదని గోప్యత హక్కుపై ఇచ్చిన పుట్టస్వామి తీర్పులో 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన కోవిడ్ ఉత్తర్వులను 2022 మార్చి 31 తర్వాత కేంద్రమే పొడిగించలేదు. ఆంక్షలే పోయాక వాటి పేరుతో పెట్టిన కేసు ఎవరిని కాపాడుతోంది?

అదే 2020లో మే 4న మద్యం షాపులు తెరిస్తే జనం బారులు తీరారు, దగ్గరుండి లైన్లు పెట్టించింది పోలీసులే. 2021 ఏప్రిల్‌లో కరోనా మళ్లీ పెరుగుతుంటే తిరుపతి ఉప ఎన్నిక జరిపారు. మందు బాటిల్ కోసం, ఓటు కోసం సడలిన రూల్ ఇన్సులిన్ దగ్గర ఎందుకు బిగుసుకుంది? ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

తమిళనాడు 2021లోనే సుమారు 10 లక్షల లాక్‌డౌన్ కేసులు ఎత్తేస్తామని ప్రకటించింది. ఉత్తరప్రదేశ్ అదే ఏడాది 3 లక్షలకు పైగా కేసులు వెనక్కి తీసుకోవాలని నిర్ణయించింది. మనవాళ్లేం పాపం చేశారు? ఎవరినీ కొట్టకుండా, దొంగ పాస్ చూపించకుండా, కేవలం బయటికొచ్చినందుకు కేసు పడినవాళ్లందరినీ వదిలేయండి. చార్జిషీటు లేని కేసులకు తుది నివేదిక ఇప్పించి మూయించండి, కోర్టుకెళ్లినవి ప్రాసిక్యూటర్ల ద్వారా ఉపసంహరించండి. అప్పటిదాకా పాస్‌పోర్టు, ఉద్యోగ వెరిఫికేషన్లలో వీటిని లెక్కలోకి తీసుకోవద్దని ప్రతి స్టేషన్‌కూ రాతపూర్వకంగా ఆదేశమివ్వండి. దయచేసి ఈ లేఖను మళ్లీ అదే స్టేషన్‌కు పంపకండి. ఎప్పటిలోగా చేస్తారో తేదీ చెప్పండి, ఆ కంపెనీ వాళ్లను అప్పటిదాకా ఆగమని బతిమాలుకుంటాం.

ఇట్లు,
కేసు మోస్తున్న ఒక తమ్ముడి అన్న