ముందు ల్యాబు తలుపులు తెరిపించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను పదిహేనేళ్లుగా అనలాగ్ చిప్‌లు డిజైన్ చేస్తున్నాను. డిజిటల్ చిప్‌లు సున్నా, ఒకట్లతో నడిస్తే, ఇవి ఎడతెగక మారే వోల్టేజీలతో పనిచేస్తాయి. మాది పల్నాడు. సంక్రాంతికి ఊరెళితే ఈసీఈ చదివే పిల్లలు చుట్టూ చేరి అడుగుతారు: "అన్నా, అనలాగ్‌కి వెళ్లమంటావా, డిజిటల్‌కా?" సంకేతాన్ని పెంచే ఆప్‌ యాంప్‌ చిప్‌తో సర్క్యూట్ కట్టి, వోల్టేజీని తెరమీద గీసి చూపే సీఆర్‌ఓ మీద తరంగం చూశారా అని నేనడుగుతాను. "ల్యాబ్ రికార్డులో రాశామన్నా" అంటారు ఎక్కువమంది. చూడనిదాన్ని వాళ్లెలా ఎంచుకుంటారు సార్?

డిజిటల్ చిప్‌లను కోడ్‌గా రాసే వెరిలాగ్ భాష నేర్చుకోవడానికి లాప్‌టాప్ చాలు. రాసిన కోడ్‌ను సాఫ్ట్‌వేర్ టూలే లాజిక్ గేట్లుగా మారుస్తుంది. ఆ డిజైన్ సరిగా పనిచేస్తుందో లేదో పరీక్షించే వెరిఫికేషన్‌లో ఫ్రెషర్లకు ఉద్యోగాలూ ఎక్కువే. అటు వెళ్లేవాళ్లను నేను తప్పుపట్టను, ఆ పనిలోనూ కష్టముంది. అనలాగ్‌లో మాత్రం ఒక్కో ట్రాన్సిస్టర్ పొడవు, వెడల్పు మనమే తేల్చాలి. పక్కపక్కనే ఒకేలా గీసిన రెండు ట్రాన్సిస్టర్లు తయారై వచ్చాక అచ్చం ఒకేలా ఉండవు. వేడెక్కితే ఇంకోలా ప్రవర్తిస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలో ఒక్కో సెల్ వోల్టేజీని మిల్లీవోల్టుల్లో కొలిచే చిప్‌కు ఈ చిన్న తేడాలే పెద్ద తలనొప్పి.

ఆ ఒడుపు పుస్తకంతో రాదు. నేను చదివిన కాలేజీలో నాలుగు సీఆర్‌ఓలుంటే రెండే పనిచేసేవి. ఓసారి నేను కట్టిన యాంప్లిఫయర్, ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకుండానే ఆసిలేట్ అవడం, అంటే తనంతట తానే తరంగాలు పుట్టించడం మొదలుపెట్టింది. కారణం దొరకడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ల్యాబ్ అసిస్టెంట్ గారు పాపం ఇంటికి వెళ్లకుండా నాకోసం తాళం చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఆయన ఆగకపోతే నేనీ రంగంలో ఉండేవాణ్ణి కాదు.

2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ల కోసం 76,000 కోట్ల రూపాయల కార్యక్రమం ప్రకటించింది. చిప్స్ టు స్టార్టప్ పథకం కింద 85,000 మంది చిప్ డిజైన్ ఇంజినీర్లను తయారుచేయాలన్నది లక్ష్యం. మొహాలీలోని కేంద్ర ప్రభుత్వ చిప్‌ల కర్మాగారం ఎస్‌సీఎల్‌లో 180 నానోమీటర్ల పాతతరం తయారీ ప్రాసెస్‌లో విద్యార్థుల డిజైన్లు చిప్‌లవుతున్నాయి. అనలాగ్ నేర్చుకునేవాళ్లకు ఆ 180 హాయిగా సరిపోతుంది. కానీ సర్క్యూట్లు కట్టి చూసే బ్రెడ్‌బోర్డు కూడా ముట్టని పిల్లలు అక్కడిదాకా ఎలా వెళతారు?

మీరు చేయగలిగినవి మూడున్నాయి. పాడైన సీఆర్‌ఓలను బాగుచేయించండి. ల్యాబులు రాత్రి ఎనిమిదిదాకా తెరిపించి, అక్కడ ఉండేవాళ్లకు అదనపు జీతం ఇప్పించండి. ప్రాక్టికల్ పరీక్షలో రికార్డుకిచ్చే మార్కులు తగ్గించి, కావాలని చెడగొట్టిన సర్క్యూట్ ఇచ్చి సరిచేయమనండి.

అలాంటి సర్క్యూట్లు నేను తయారుచేసిస్తాను. పల్నాడులో ఏ కాలేజీ పిలిచినా సెలవు పెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక అనలాగ్ ఇంజినీరు