కుష్ఠు నయమైనవారికి గల్ఫ్ తలుపులు తెరవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. జనవరి 30న మా ఊరి గ్రామసభలో కుష్ఠు నిర్మూలన ప్రతిజ్ఞ చేశాం. సర్పంచి గారు చదువుతుంటే అందరం చెయ్యి చాచి వెంట పలికాం. రోగుల పట్ల వివక్ష చూపబోమన్న వాక్యం రాగానే నా పక్కనున్న పెద్దాయన మెల్లగా, "మన ఊళ్ళో ఎవరికీ లేదు కదండీ" అన్నారు. ఉంది. ఎవరికి ఉందో నాకు తెలుసు. చెప్పకూడని సంగతి కనుక ఊరుకున్నాను.

నేను కుష్ఠు నివారణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. రాజోలు, మలికిపురం వైపు లంకల్లో సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగాను. ఆ రోజుల్లో మా సైకిలు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, కొన్ని ఇళ్ళ తలుపులు మూసుకునేవి. జబ్బు పేరు ఎవరూ పలికేవారు కాదు, 'పెద్ద రోగం' అనేవారు. ఇప్పటికీ అంటున్నారు.

గత వేసవిలో ఒక సాయంత్రం చీకటి పడ్డాక, మాకు తెలిసిన ఇంటి అమ్మాయి పెరటి గుమ్మం నుంచి వచ్చింది. కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళాలని పాస్‌పోర్టు తీసుకుంది. ఏజెంటుకు కొంత డబ్బు కట్టింది. మోచేతి పైన రాగి రంగు మచ్చ ఉంది, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. కళ్ళు మూసుకోమని, కలం మొనతో తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించమన్నాను. మచ్చ చుట్టూ తాకిన ప్రతిసారీ సరిగ్గా చూపించింది. తరవాత మచ్చ మీద మూడుసార్లు తాకాను. కళ్ళు మూసుకునే ఉండి, "ఇంకా మొదలుపెట్టలేదా బాబాయి గారూ?" అని అడిగింది. మోచేతి ఎముక పక్కన తడిమితే నరం కొబ్బరి తాడులా వేలికి తగిలింది.

సంగతి చెప్పాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ఇది తగ్గుతుందా అని కాదు. "కువైట్ పరీక్షలో బయటపడుతుందా?" అని. రెండేళ్ళు పనిచేసి, అప్పు తీర్చుకుని వచ్చాక మందు వాడతానంది. రెండేళ్ళు ఆగితే చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకుపోతాయనీ, వేడి గిన్నె పట్టుకున్నా కాలినట్టు తెలియదనీ చెప్పి ఒప్పించడానికి నాకు పది రోజులు పట్టింది.

మన ప్రాంతంలో కుష్ఠు దాక్కోవడానికి వెలి భయం ఒక్కటే కారణమని అందరూ అనుకుంటారు. దానికి వీసా భయం కూడా తోడైంది. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళేవారికి జరిపే వైద్య పరీక్షల్లో అనర్హతకు దారితీసే జబ్బుల జాబితా ఒకటి ఉంది. అందులో కుష్ఠు పేరు ఉంది. కోనసీమలో ఏ వీధిలో చూసినా కువైట్‌కో, దుబాయికో, మస్కట్‌కో వెళ్ళినవారు ఒకరుంటారు. అలాంటి చోట ఈ ఒక్క పేరు ఎంతమంది నోళ్ళు మూయిస్తుందో ఆలోచించండి. మందు వాడుతున్నట్టు కార్డు మీద రాయించుకుంటే దారి మూసుకుపోతుందని భయం. అందుకే మచ్చను చీర చెంగు కిందో, పొడుగు చేతుల చొక్కా కిందో కప్పేస్తారు.

నిజానికి ఈ జబ్బు విషయంలో ప్రపంచ దేశాలు కలిసి చేసిన మేలు చిన్నది కాదు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ దీని సూక్ష్మజీవిని గుర్తించినప్పుడు చేతిలో మందు లేదు. కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు మన రామచంద్రాపురంలో కుష్ఠు రోగులకు ఆశ్రమం నడిపిన తొలి రోజుల్లోనూ ఆదరణే తప్ప నయం చేసే మందు లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందుల చికిత్సను సిఫారసు చేసింది. 1995 నుంచి ఆ మందు ప్రపంచమంతటా ఉచితం. మొదటి అయిదేళ్ళు ఖర్చు జపాన్‌లోని నిప్పాన్ ఫౌండేషన్ భరించింది, 2000 నుంచి నోవార్టిస్ కంపెనీ విరాళంగా ఇస్తోంది. ఇక్కడి పిల్ల మింగిన మాత్ర వెనుక ఇన్ని దేశాలు ఉన్నాయి. మనం మాత్రం పుచ్చుకునేవాళ్ళమేనా? బోదకాలు క్రిమిని చంపే మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఎవరి నాయకత్వంలో వచ్చిందో గుర్తు చేసుకోండి. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

2010 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ కుష్ఠు బాధితులపైనా, వారి కుటుంబాలపైనా వివక్ష తొలగించాలని తీర్మానించింది. కుష్ఠు రోగులను వేరుగా ఉంచడానికి తెచ్చిన 1898 నాటి చట్టాన్ని మన దేశం 2016లో రద్దు చేసింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును 2019లో తీసేసింది. ఇంట్లో మనం చట్టం మార్చుకున్నాం కాబట్టి, బయటి దేశాలతో మాట్లాడే హక్కు మనకు ఉంది. గల్ఫ్ దేశాలతో కార్మికుల ఒప్పందాలపై చర్చలకు కూర్చున్నప్పుడు కేంద్ర ప్రభుత్వం ఈ జాబితా సంగతి ఎత్తాలి. మన పార్లమెంటు సభ్యులు ఎత్తించాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగికి ఇతరులకు అంటించే శక్తి పోతుంది. ఆరు నెలలో, పన్నెండు నెలలో మందు పూర్తి చేసినవారిని రోగి అనడమే తప్పు. చికిత్సలో ఉన్నవారికీ, పూర్తి చేసినవారికీ వైద్యుడి ధ్రువపత్రంతో అనుమతి ఇవ్వాలి. అరబ్బు దేశమైన జోర్డాన్‌ను 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కుష్ఠును నిర్మూలించిన మొదటి దేశంగా గుర్తించింది. పొరుగు దేశాలకు నచ్చజెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

ఇక మన వైపు లోటు. పదివేల మందిలో ఒకరి కంటే తగ్గిందని 2005 డిసెంబరులో ప్రకటించాక చాలామంది జబ్బే పోయిందనుకున్నారు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే. ఇల్లిల్లూ తిరిగే సర్వేలో ఆశా కార్యకర్తలు గుమ్మం బయట నిలబడి, "ఎవరికైనా మచ్చలున్నాయా?" అని అడిగి వెళ్ళిపోతే మచ్చ దొరకదు. వీపు చూడాలి, మోకాలి వెనుక చూడాలి, ఆడవారిని ఆడవారే లోపల గదిలో చూడాలి. వారికి అంత తీరిక ఇచ్చే ఏర్పాటు అధికారులు చేయాలి. స్పర్శ పోయిన పాదాలతో ఊడ్పుల్లోకి, రొయ్యల చెరువుల్లోకి దిగేవారు ఉన్నారు. నత్తగుల్ల గుచ్చుకున్నా తెలియదు, పుండు పడ్డాక చూసుకుంటారు. వారికి మెత్తటి రబ్బరు చెప్పులు అరిగినప్పుడల్లా ఇవ్వాలి.

ఆ అమ్మాయి మందు పూర్తి చేస్తోంది. మొదటి నెల మాత్ర వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వచ్చిందని హడలిపోయి ఫోను చేసింది. అది మందు రంగేనని చెప్పాను. తరవాత ఒళ్ళు నల్లబడింది. అదీ మందు వల్లే, ఆపిన కొన్ని నెలలకు పోతుంది. వీధిలో అడిగినవారికి ఎండ అని చెబుతోంది. కువైట్ ప్రయాణం మానుకుంది, కొబ్బరి పీచు పనికి వెళుతోంది. ఏజెంటుకు కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

చివరగా మీకు ఒక విన్నపం. అవినీతిని సమాజానికి పట్టిన కుష్ఠు అని నాయకులు ప్రసంగాల్లో అంటుంటారు, అది పత్రికల్లో శీర్షిక అవుతుంది. ఆ మాట వాడకండి. ఆ అమ్మాయి కూడా పేపరు చదువుతుంది.

భవదీయుడు,
విశ్రాంత ఆరోగ్య కార్యకర్త,
రాజోలు ప్రాంతం, కోనసీమ