సపోటా దుంగలు ఇటుక బట్టీకేనా?

ఎడిటర్ గారికి,

తుపాను వచ్చినప్పుడల్లా ఎన్ని ఎకరాలు పోయాయి, పరిహారం ఎంత అని మీ పేపర్లో వస్తుంది గానీ, పడిన చెట్ల మానులు ఎటు పోతున్నాయో ఎవరూ రాయరు. ఇటుక బట్టీలకి పోతున్నాయండీ. పక్క ఊళ్లో ఒకరి పెరట్లో కౌగిలికి అందనంత సపోటా మాను పడిందని తెలిసి నేను బండేసుకుని వెళ్లేసరికే ముక్కలు కోసి ట్రాక్టర్‌కి ఎత్తేశారు. బతిమాలితే ఒక్క దుంగ ఇచ్చారు.

సపోటా కర్రతో ఏం చేస్తావని అందరూ నవ్వారు. మనకి సపోటా అంటే పండే కదా. కానీ ఆ చెట్టు పుట్టిల్లు మెక్సికో, గ్వాటెమాలా వైపు, అక్కడి పాతకాలపు మాయా జాతి వాళ్లు ఆ కర్రనే గుడి గుమ్మాల మీద అడ్డదూలాలుగా వేసి, వాటి నిండా నగిషీ చెక్కారు. టికాల్ అనే వాళ్ల పాత నగరంలో నాలుగో గుడి అని 65 మీటర్ల ఎత్తుది ఒకటుంది, 8వ శతాబ్దంలో కట్టింది. దాని దూలం మీద పల్లకీలో రాజు, ఆయన నెత్తిన కమానులా వంగిన ఈకల పాము, పక్కనంతా వాళ్ల లిపి. 1877లో ఆ దూలాలు ఊడదీసి స్విట్జర్లాండ్ పట్టుకుపోయారు, ఇప్పుడు బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ వానల అడవిలో వెయ్యేళ్లు పైన నిలిచిన కర్ర మనం బట్టీలో పెడుతున్నాం.

ఫోన్లో ఫోటో చూసుకుంటూ ఆ రాజునే చెక్కుతున్నాను. పచ్చిగా ఉండగా ఉలికి లొంగుతుంది, ఆరితే ఇనుమే. రాజు ముక్కు తేలిగ్గానే వచ్చింది, ఈకలే ప్రాణం తీశాయి. ఈకలకి పసుపు రంగు కోసం పనస చెక్క పొదిగాను. మొదటిసారి వానల్లో తేమ పట్టి ఉబ్బిన ముక్కలు పొదిగితే ఎండాకాలానికి కుంచించుకుపోయి ఊడాయి, మళ్లీ ఆరబెట్టి మొదలెట్టా. కళ్లకి ఆల్చిప్ప, నల్లగుడ్డుకి కొబ్బరి చిప్ప. 683లో పోయిన పకాల్ అనే మాయా రాజు పచ్చరాతి ముసుగుకి కూడా కళ్లు గవ్వజాతి చిప్పతోను, నల్లటి అగ్నిపర్వత గాజుతోనే పొదిగారు, అది చూసే నాకు ఈ ఆలోచన వచ్చింది.

మన దేవుళ్లు లేరా అని అడుగుతున్నారు. ఉన్నారు, మా నాన్న ద్వారబంధాల మీద చెక్కిన చిలకలు, లతలు మా చుట్టుపక్కల ఇళ్లకి ఇంకా ఉన్నాయి. ఇప్పుడు కంప్యూటర్ ఫైలు పెడితే దానంతటదే చెక్కే సీఎన్‌సీ మిషన్ మీద పూట తిరక్కుండా వేంకటేశ్వరస్వామి దిగిపోతున్నాడు, నా ఉలితో ఎవరికీ పని లేదు. మాయా రాజు ఫైలు మాత్రం మా ఊరి మిషన్ వాడి దగ్గర ఇంకా లేదు లెండి.

నే అడిగేది ఒకటే. పంచాయతీలు పడిన చెట్లు వేలం వేసేటప్పుడు కొమ్మా మానూ కలిపి ఒకే లాటు పెట్టకండి. మాను విడిగా ఉంచి, కోసిన చివర్లకి మైనమో పాత పెయింటో పూసి నీడన పడేసి, వడ్రంగులకి ఓ వారం టైమివ్వండి. ఎవరూ రాకపోతే అప్పుడు బట్టీకే పంపుకోండి. ఇంటి పెరట్లో పడినవాళ్లు కూడా ముందు ఊళ్లో వడ్రంగికి ఒక ఫోన్ కొట్టండి. నాకింకా పాము తోక వైపుకి మూరెడు కర్ర కావాలి.

ఇట్లు,
ఒక వడ్రంగి,
అంబాజీపేట దగ్గర, కోనసీమ