కొత్త డిజైన్ కోర్సులకు తాత్కాలిక గుర్తింపు ఇవ్వండి: ఉన్నత విద్యా శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యా శాఖ మంత్రిగారికి నమస్కారములు.

డిజైన్‌ను వృత్తివిద్యగా బోధించే కొత్త కోర్సులకు, పూర్తి అక్రిడిటేషన్ (నాణ్యతను పరిశీలించి ఇచ్చే గుర్తింపు) వచ్చేలోగా, గడువుతోనూ షరతులతోనూ కూడిన తాత్కాలిక గుర్తింపు ఇచ్చే ఏర్పాటు చేయవలసిందిగా ఒక డిజైన్ అధ్యాపకుడిగా తమను కోరుతున్నాను.

అక్రిడిటేషన్ సంస్థలు సాధారణంగా చదువు పూర్తిచేసిన విద్యార్థులను చూశాకే నిర్ణయం చెబుతాయి. ఉదాహరణకు భారతదేశంలో నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్ దృష్టికి ఒక కోర్సు వెళ్లాలంటే కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వచ్చి ఉండాలి. నాలుగేళ్ల కోర్సుకు ఇలాంటి నియమం ఉంటే, తొలి విద్యార్థి చేరిన అయిదేళ్లకు గాని ఆ అర్హత రాదు. ఫలితాలు చూసి తీర్పు చెప్పాలన్న ఆ నియమం సబబైనదే. కానీ ఆ అయిదేళ్ల భారమంతా కొత్త కోర్సును నమ్మి ముందుగా చేరిన పిల్లల మీదే పడుతోంది. ఉద్యోగ దరఖాస్తులో ‘గుర్తింపు పొందిన కోర్సేనా’ అని అడిగిన చోట వారు నిజాయతీగా ‘కాదు’ అనే రాయాలి, ఆ పైన వారి పోర్ట్‌ఫోలియోను, అంటే వారు చేసిన పనుల సంకలనాన్ని, తెరిచి చూసే ఓపిక అందరికీ ఉండదు.

డిజైన్ విషయంలో అంతకాలం ఆగవలసిన అవసరమూ లేదు. సెమిస్టర్ చివర విద్యార్థుల పనిని పరీక్షకులు ఎదుటే చూసి ప్రశ్నించే జ్యూరీలో గోడకు అంటించిన డ్రాయింగులు, బల్లమీద ఫోమ్‌బోర్డు నమూనా, ఏ ఆలోచనను ఎందుకు వదిలేశారో చెప్పే స్కెచ్‌బుక్కు, అన్నీ కళ్లెదుటే ఉంటాయి. పిల్లలు వాడేవారి ఇబ్బందిని గమనించి గీస్తున్నారా, లేక చూసినదాన్ని అనుకరిస్తున్నారా, వర్క్‌షాపులో యంత్రాలు నడుస్తున్నాయా, మూతపడి ఉన్నాయా అన్నది అనుభవమున్న పరిశీలకులు రెండో సంవత్సరంలోనే పసిగట్టగలరు.

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో నేషనల్ ఆర్కిటెక్చరల్ అక్రిడిటింగ్ బోర్డ్ కొత్త ఆర్కిటెక్చర్ కోర్సులకు ముందుగా అభ్యర్థి హోదా ఇస్తుంది. ఆ తర్వాత తొలి అక్రిడిటేషన్ లభిస్తే, దానికి ముందు రెండేళ్లలోపు పట్టా పొందినవారిని కూడా వృత్తి లైసెన్సుకు కావలసిన విద్యార్హత ఉన్నవారిగానే పరిగణిస్తారు. తొలి బ్యాచ్‌కు అసలైన రక్షణ ఈ వెనుకటి వర్తింపులోనే ఉంది కనుక, మన నిబంధనల్లో మరేది తగ్గినా ఇది తగ్గకూడదని నా విన్నపం.

తాత్కాలికమన్నది ఏళ్ల తరబడి పొడిగింపులతో శాశ్వతమైపోతుందన్న భయం న్యాయమైనదే. అందుకే గడువు ఒక్కసారే ఇవ్వాలి. ఏటా పరిశీలన జరిగి, దాని నివేదిక ప్రజలందరికీ అందుబాటులో ఉండాలి. ప్రవేశ ప్రకటనల్లో ‘తాత్కాలిక గుర్తింపు’ అన్న మాటను కళాశాల పేరుతో సమానమైన అక్షరాల్లో అచ్చువేయించాలి, ఎందుకంటే చిన్న అక్షరాల్లో దాచిన షరతు తల్లిదండ్రులను మోసం చేయడమే అవుతుంది. గుర్తింపు రద్దయితే, అప్పటికే చేరినవారు గుర్తింపు ఉన్న మరో సంస్థలో చదువు ముగించుకునే ఏర్పాటు, ఆ ఖర్చు భరిస్తామన్న యాజమాన్యపు హామీ ముందుగానే రాతపూర్వకంగా తీసుకోవాలి.

వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడకముందే ముసాయిదా నిబంధనలను విడుదల చేసి, స్టూడియోల్లో బోధించేవారి నుంచీ, ఇప్పుడు తొలి బ్యాచ్‌లలో చదువుతున్న విద్యార్థుల నుంచీ అభిప్రాయాలు స్వీకరించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక డిజైన్ అధ్యాపకుడు