ఒకే జనరల్, రెండు ఉద్యమాలు

సంపాదక మహాశయులకు నమస్కారం.

థాయ్‌లాండ్ రాజకీయాలపై మన పత్రికల్లో వచ్చే వ్యాసాలలో సైనికాధికారుల ప్రస్తావన తిరుగుబాట్ల జాబితాతోనే సరిపోతోంది. 1991లో సుచిందా బృందం, 2006లో సోంథి, 2014లో ప్రయుత్, అంతటితో సరి. తిరుగుబాటు చేయకుండా జనాన్ని ఓట్లడిగి గెలిచిన మేజర్ జనరల్ చామ్‌లాంగ్ శ్రీమువాంగ్ పేరు మాత్రం ఎక్కడా కనబడదు. ఆ దేశంలో ఎన్నికైన ప్రభుత్వాలు ఎందుకు నిలదొక్కుకోలేకపోతున్నాయో అర్థం కావాలంటే, ట్యాంకులతో వచ్చినవారి కంటే ఈయన జీవితమే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం.

1935లో పుట్టిన చామ్‌లాంగ్ చులాచోమ్‌క్లావ్ సైనిక అకాడమీ ఏడో బ్యాచివారు. ‘యంగ్ టర్కులు’గా పేరుపడిన ఆ బ్యాచి అధికారులు 1981 ఏప్రిల్‌లో ప్రధాని ప్రేమ్ తిన్సులానోండాపై తిరగబడినప్పుడు ఈయన వారితో చేరలేదు. ప్రేమ్‌కు కార్యదర్శిగా పనిచేసి, గర్భస్రావ చట్టాన్ని సడలించే ప్రతిపాదన నచ్చక ఆ పదవినీ వదులుకున్నారు. సంతి అశోక్ అనే బౌద్ధ శాఖను అనుసరిస్తూ శాకాహారం, రోజుకొక్క పూట భోజనం, భార్య సమ్మతితో బ్రహ్మచర్యం, నీలిమందు అద్దిన రైతు చొక్కా, పొట్టిగా కత్తిరించిన జుట్టుతో ఆయన గడిపిన జీవితం, అవినీతితో విసిగిన బ్యాంకాక్ మధ్యతరగతిని కట్టిపడేసింది. 1985లో ఆ నగర గవర్నరుగా గెలిచారు, 1990లో భారీ ఆధిక్యంతో మళ్లీ గెలిచారు. ఈ మధ్యలో, 1988లో పలంగ్ ధర్మ పార్టీ పెట్టారు. 1992 మార్చి ఎన్నికల్లో బ్యాంకాక్‌లోని 35 స్థానాలకు ఆ పార్టీ 32 గెలుచుకుంది.

ఆ ఎన్నికల తరువాత జరిగినదే ఆయనను ప్రపంచానికి పరిచయం చేసింది. 1991 తిరుగుబాటు నేతల్లో ముఖ్యుడైన జనరల్ సుచిందా క్రాప్రయూన్, ప్రధాని పదవి చేపట్టనని చెప్పిన మాట తప్పి, పార్లమెంటు సభ్యుడు కాకుండానే ఏప్రిల్‌లో ఆ కుర్చీ ఎక్కారు. ప్రధాని అయ్యేవారు జనం ఎన్నుకున్న సభ్యుడై ఉండాలన్న ఒక్క డిమాండుతో చామ్‌లాంగ్ మే 4న నిరాహార దీక్షకు కూర్చున్నారు. సుచిందా అదే అకాడమీ ఐదో బ్యాచి కనుక ఇందులో పాత బ్యాచి వైరం కూడా ఉందని గిట్టనివారు అన్నారు, అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా. కానీ వీధుల్లోకి వచ్చిన జనానికి బ్యాచిలతో పనిలేదు. చేతిలో మొబైల్ ఫోన్లతో ఆఫీసు ఉద్యోగులు ఎందరో ఆ గుంపులో కనబడ్డారు. మే 17 రాత్రి సనామ్ లువాంగ్ మైదానం నుంచి కదిలిన ఊరేగింపును ఫాన్ ఫా వంతెన దగ్గర అడ్డుకున్నారు. మరునాడు చామ్‌లాంగ్‌ను అరెస్టు చేశారు, కాల్పులు మాత్రం ఆగలేదు. అధికారిక లెక్క ప్రకారమే 52 మంది మరణించారు. జనాన్ని చావుకు నడిపించాడన్న నింద ఆయనను ఆ తరువాత వదల్లేదు.

మే 20 రాత్రి టెలివిజన్‌లో వచ్చిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాజు భూమిబల్ సోఫాలో కూర్చుని ఉండగా, ఎదురుగా నేలమీద కాళ్లు ముడుచుకుని ప్రధాని ఒకవైపు, నిర్బంధం నుంచి తీసుకొచ్చిన ఉద్యమ నాయకుడు మరోవైపు కూర్చుని, ఆయన మందలింపును తలవంచి విన్నారు. నాలుగు రోజులకు సుచిందా దిగిపోయారు. ప్రధాని ఎంపీ అయి ఉండాలన్న సవరణ రాజ్యాంగంలో చేరింది, ఆ ఏడే చామ్‌లాంగ్‌కు మెగసెసే అవార్డు వచ్చింది.

అక్కడితో ఆగితే ఇది వీరగాథే అయ్యేది. 1994లో థాక్సిన్ షినవత్ర అనే టెలికాం వ్యాపారిని రాజకీయాల్లోకి చేయిపట్టి తెచ్చింది చామ్‌లాంగే, మరుసటి ఏడాది పలంగ్ ధర్మ పార్టీ పగ్గాలు థాక్సిన్ చేతికే వచ్చాయి. పదేళ్లు తిరిగేసరికి థాక్సిన్ సొంత పార్టీతో రెండుసార్లు అఖండ విజయం సాధించిన ప్రధాని, చామ్‌లాంగ్ ఆయనను దించాలన్న పసుపు చొక్కాల ఉద్యమ నాయకుల్లో ఒకరు. థాక్సిన్ పాలనపై వచ్చిన ఆరోపణలు తేలిగ్గా తీసిపారేయదగినవని నేను అనను. అయితే ఆ ఉద్యమం 2006లో కోరింది రాజు నియమించే ప్రధానిని! అది ప్రజాస్వామ్యం కాదని స్వయంగా రాజే ఆ ఏప్రిల్‌లో చెప్పవలసి వచ్చింది. సెప్టెంబరులో సైన్యం అధికారం పట్టగానే తమ పని అయిందని ఉద్యమం తనను తాను రద్దు చేసుకుంది. 2008లో మళ్లీ లేచి, సభ్యుల్లో ముప్పై శాతమే ఎన్నికై మిగతావారు నియమితులయ్యే పార్లమెంటు కావాలన్నది. ప్రధాని కార్యాలయాన్ని ఆక్రమించింది, ఆపై బ్యాంకాక్ విమానాశ్రయాలను మూయించింది.

ఆయన మాట మార్చారని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు. మంచివాడే పాలించాలన్న నమ్మకం ఆయనది. 1992లో ఓటు ఆ నమ్మకానికి తోడు వచ్చింది, 2006లో అడ్డు వచ్చింది. గ్రామీణ ఈశాన్య ప్రాంతపు ఓటరు థాక్సిన్ ఆరోగ్య పథకాన్ని చూసి వేసిన ఓటు, ఒంటిపూట భోజనంతో గడిపే జనరల్‌కు అమ్ముడుపోయిన ఓటుగా కనబడింది.

విమానాశ్రయాల మూసివేతకు 52.2 కోట్ల బాట్ల పరిహారం చెల్లించాలని ఆయనతో సహా ఉద్యమ నేతలపై కోర్టు తీర్పు వచ్చింది. ప్రధాని కార్యాలయం కేసులో సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో ఎనిమిది నెలల శిక్ష ఖరారు చేయగా, మే నెలలో కొత్త రాజు పట్టాభిషేక క్షమాభిక్షతో ఆయన విడుదలయ్యారు. మరుసటి నెలలోనే జనరల్ ప్రయుత్, ఎంపీ కాకుండానే, సైనిక పాలకులు ఎంపిక చేసిన 250 మంది సెనేటర్ల మద్దతు కూడగట్టుకుని మళ్లీ ప్రధాని అయ్యారు. 1992 నాటి నిబంధనను 2017 రాజ్యాంగం తొలగించడం వల్లనే అది సాధ్యపడింది. థాయ్ ఎన్నికల గురించి ఇకముందు ప్రచురించే వ్యాసాలలో ఈ నిబంధన ఎలా వచ్చి ఎలా పోయిందో వివరంగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు