వాటా పోయిందంటే ముందు వెళ్లాల్సింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు

సంపాదకులకు,

తండ్రి పోయాక ఆస్తి అన్నదమ్ములో, బాబాయి పిల్లలో కాజేశారని తెలియగానే మన నగరంలో చాలామంది పోలీస్ స్టేషన్‌కు పరుగెడతారు. ‘ఇది సివిల్ మ్యాటర్’ అన్న జవాబుతో వెనక్కి వస్తారు. తర్వాత పెద్దమనుషుల పంచాయితీ మొదలై నెలలు గడిచిపోతాయి. ఈలోగా ఇల్లు ఇంకొకరి చేతికి పోతుంది.

ముందు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి జరిగినవే దొరుకుతాయి, అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ ఇంటి నంబర్లు మారుతూ వచ్చాయి కనుక ఒక్క నంబరుతో వెతికి ‘నిల్’ వచ్చిందని ఊరుకోవద్దు. పాత నంబరు, కొత్త నంబరు, ప్లాటు, సర్వే నంబరు అన్నిటితోనూ చూడాలి. వీలునామా మాత్రం ఈసీలో కనబడదు. అది రిజిస్టరై ఉంటే, రాసినవారు పోయాక ఎవరు అడిగినా నకలు ఇస్తారు.

ఈసీలో కనిపించిన ప్రతి దస్తావేజుకూ సర్టిఫైడ్ కాపీ తెచ్చి, డెత్ సర్టిఫికెట్ పక్కన పెట్టి తేదీలు సరిచూడండి. జీపీఏ (తన తరఫున వ్యవహరించమని మరొకరికి రాసిచ్చే అధికార పత్రం) ఇచ్చిన మనిషి పోతే సాధారణంగా ఆ జీపీఏ కూడా పోయినట్టే. తండ్రి మార్చిలో పోతే జూన్‌లో ఆయన తరఫున జరిగిన అమ్మకం ఎలా చెల్లుతుంది? దొంగ సంతకమో, మారు మనిషో బయటపడితే అప్పుడు పోలీసు ఫిర్యాదుకు బలం ఉంటుంది. అయితే క్రిమినల్ కేసుతో వాటా రాదు, దానికి సివిల్ దావా తప్పదు.

విరాసత్ (రెవెన్యూ రికార్డుల్లో వారసుల పేరు ఎక్కించడం) అయిందనో, జీహెచ్‌ఎంసీ పన్ను తమ పేరుకు మారిందనో అవతలివాళ్లు బెదిరిస్తే బెదరక్కర్లేదు. వాటితో యాజమాన్యం రాదు. ‘ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసమే’ అని ఆడపిల్లల చేత సంతకాలు పెట్టించుకోవడమే అసలు ప్రమాదం. స్థిరాస్తిలో హక్కు విడుదల పత్రం రిజిస్టర్ కాకపోతే చెల్లదు, నిజమే. కానీ ఆ సంతకాన్ని కోర్టులో మీ మీదే వాడతారు. చదవకుండా పెట్టవద్దు.

హిందువుల్లో తండ్రి స్వార్జితానికి వీలునామా లేకుంటే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరూ సమాన వాటాదారులే. కూతురికి పెళ్లయిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. పిత్రార్జితంలో హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. ఆ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం కదపలేం. ముస్లింలకు, క్రైస్తవులకు లెక్క వేరు.

పార్టిషన్ (పంపకం) దావా ఆస్తి ఉన్న చోటి కోర్టులో వేయాలి. పాతబస్తీ ఇంటికైతే సిటీ సివిల్ కోర్టు, ఎల్బీనగర్ వైపు ప్లాటుకైతే రంగారెడ్డి కోర్టు. ఉమ్మడి ఆస్తులన్నీ, వాటాదారులందరూ దావాలో ఉండాలి. ఒక్క అక్కను వదిలేసినా అవతలి లాయరు పట్టుకునేది అదే. ఉమ్మడి స్వాధీనంలో ఉంటే కోర్టు ఫీజు నామమాత్రం, బయటికి నెట్టేస్తే వాటా విలువను బట్టి కట్టాలి. దావాతోపాటే ఆస్తి అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధం) అడిగి, ఆర్డరు రాగానే కాపీ సబ్ రిజిస్ట్రార్‌కు ఇవ్వండి. ఉమ్మడి ఆస్తి నుంచి నెట్టేశారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లు గడువు, దస్తావేజు రద్దుకు మాత్రం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే. ఎక్కువమంది మునిగేది ఈ మూడేళ్ల దగ్గరే.

లాయరు ఖర్చుకు భయపడే మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చాలు.

— ఒక న్యాయవాది, మలక్‌పేట, హైదరాబాద్